రెండు లిపులు, ఒక తెర

మన వార్షిక సంచికను ఎడమవైపు నుండి తెరచినవారికి తెలుగు, కుడివైపు నుండి తెరచినవారికి ఉర్దూ ఎదురవుతాయి. ఈ మర్యాద మన కళాశాల వెబ్‌సైటుకు లేకపోవడం విచారకరం. అది ఆంగ్లంలోనే ఉన్నది. ప్రవేశ ప్రకటనను కుమార్తె చేత చదివించుకొనే తండ్రులను నేనెరుగుదును.

సాధనాలు లేవనుట సరికాదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు, అరబీ లిపులు రెండింటికీ స్థానం లభించింది. హెచ్‌టీఎంఎల్‌లో ‘డిర్’ అనే గుణానికి ‘ఆర్‌టీఎల్’ అను విలువనిచ్చినచో పంక్తి కుడి అంచు నుండి మొదలవుతుంది. నస్తాలీఖ్ వంపులకు ‘నోటో నస్తాలీఖ్ ఉర్దూ’ అనే ఉచిత ఫాంటు కలదు. తెలుగు మరొక విధంగా పరీక్ష పెడుతుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. ఇది తెలియని ప్రోగ్రామరు పేరు వ్రాసే గడికి పొడవు పరిమితి విధించి, పదాన్ని నడుమనే తెంచివేస్తాడు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మన విద్యార్థుల చూపు మాదాపూరు మీదనే ఉన్నది. తప్పులేదు. అయితే అమీర్‌పేట శిక్షణాలయాలలో నేర్పే ఫ్రేమ్‌వర్కులు మారుతూనే ఉంటాయి (రుసుము మాత్రం తగ్గదు). అక్షరం తెరపైకి వచ్చే తీరు ఎరిగిన విద్యార్థి క్రొత్తదానికి జంకడు.

కమిటీ పెద్దలకు నా మనవి: ఈ ఏడు వెబ్‌సైటు పనిని బయటివారికి గుత్తకివ్వక, తుది సంవత్సరం విద్యార్థులకు అప్పగించండి. తెలుగు ప్రతిని నేను దిద్దుతాను. ఉర్దూ ప్రతికి ఆ శాఖలోని మిత్రులు సమ్మతించియున్నారు.