చిన్న పత్రికల చివరి పేజీలు

ఈ సావనీరుకు ఒక వ్యాసం రాసి ఇమ్మని యూనియన్ కార్యదర్శి మా ఇంటికి వచ్చినప్పుడు, దేని మీద రాయమంటావు బాబూ అన్నాను. "మీ ఇష్టం సార్, పాత విద్యార్థులు కదా, ఏదో ఒకటి" అన్నాడు. అయితే చిన్న సాహిత్య పత్రికల గురించి రాస్తానన్నాను. కుర్రవాడు మర్యాదస్తుడు, నవ్వలేదు. "అవి ఇంకా వస్తున్నాయా సార్?" అని మాత్రం అడిగాడు.

కొన్ని వస్తున్నాయి. చాలా ఆగిపోయాయి. పెద్ద సంస్థ అండ ఉన్న విపుల, చతురలే 2021లో అచ్చు నిలిపివేశాయంటే, జేబులో డబ్బు పెట్టి నడిపేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? కాని పత్రికలు ఆగిపోతున్నాయని కన్నీళ్లు పెట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. పత్రిక అన్నాక పుడుతుంది, పోతుంది. నా బాధ వేరు. పోయిన పత్రికలో మనం దేన్ని దాచుకుంటున్నాం, దేన్ని చించి పారేస్తున్నాం అన్నది.

నాకు చిన్న పత్రికను వెనకనుంచి తిప్పే అలవాటు ఉంది. కథలూ కవితలూ ఎక్కడికీ పోవు, రేపైనా చదవవచ్చు. ముందు చివరి నాలుగు పేజీలు చూడాలి. అక్కడ 'స్వీకారం' అని అందిన పుస్తకాల పట్టీ ఉంటుంది. 'సాహితీ వార్తలు' అని ఫలానా ఊరి శాఖా గ్రంథాలయంలో ఫలానావారి ఖండకావ్యం ఆవిష్కరణ, ఫలానా తెలుగు పండితులు రిటైరైన సందర్భంగా సన్మానం. ఒక మూల నల్లగీతల మధ్య ఎవరో పోయారన్న కబురు. 'లేఖలు'. చందాదారులకు మనవి. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది సవరణ: గత సంచిక 27వ పేజీలో 'కవితాధార' అని ఉండవలసిన చోట 'కవితాభారం' అని పడినది, పాఠకులు సరిదిద్దుకొనగలరు. (ఆ కవిత చదివినవాళ్లు కొందరు పాతదే బాగుందన్నారు. అది వేరే సంగతి.)

ఒక పత్రిక చుట్టూ మనుషులు ఉండేవారనడానికి దాఖలా ఈ నాలుగు పేజీల్లోనే దొరుకుతుంది. ముందున్న నలభై పేజీలు రచయితలు ఎవరో చెబుతాయి. చదివినవాళ్లు ఎవరో చెప్పేవి ఇవి.

నేను ఇక్కడ చదివినది 1984 నుంచి 1987 దాకా. మా మాస్టారు ఒకరు త్రైమాసిక పత్రిక నడిపేవారు. మూడువందల ప్రతులు, ఏడాది చందా పన్నెండు రూపాయలు. ట్రెడిల్ మిషను మీద అచ్చు. ప్రెస్సులో కొన్ని ఒత్తులు చాలక, ఒక ఫారం అచ్చయి ఆ టైపు విప్పితే గాని రెండో ఫారం కట్టడానికి వీలయ్యేది కాదు. సంచిక వచ్చిన ఆదివారం నలుగురు కుర్రాళ్లం మాస్టారింటి చావడిలో కూర్చుని, అమ్మగారు కాచిన మైదా జిగురుతో రేపర్లు అంటించేవాళ్లం. పెసరట్టు ఉండేదని చెప్పకపోతే అబద్ధమాడినవాణ్ణవుతాను.

కొన్ని ప్రతులు తిరిగి వచ్చేవి. రేపరు మీద పోస్ట్‌మాన్ చేతిరాత: ఇల్లు మారినారు. తీసుకొనలేదు. చనిపోయినారు. ఆ మూడోమాట ఉన్న రేపర్లను మాస్టారు విడిగా ఒక అట్టపెట్టెలో వేసేవారు. తరువాత సంచికలో నల్లగీతల మధ్య వేసే పేర్లు కొన్ని ఆ పెట్టెలోంచి వచ్చినవే. ఆ మనిషిని మాలో ఎవ్వరమూ చూసి ఉండం. చందాదారు అయితే చాలు.

ఒకసారి కాగితం ధర పెరిగి, పేజీలు తగ్గించవలసి వచ్చింది. అభ్యుదయ కవిత్వంలో ప్రతీకల మీద నేను రాసిన వ్యాసం పదకొండు పేజీలు. దాన్ని కుదించడానికి ప్రాణం ఒప్పక, చివరి నాలుగు పేజీలు తీసేద్దామని నేనే సలహా ఇచ్చాను. మాస్టారు నావైపు ఒక చూపు చూసి సరే అన్నారు. పదిహేను రోజుల్లో పదిహేడు కార్డులు వచ్చాయి. నా వ్యాసాన్ని మెచ్చుకున్నదీ లేదు, తిట్టినదీ లేదు. వార్తలేవండీ, ఉత్తరాలేవండీ, పత్రిక మూసేస్తున్నారా ఏమిటండీ? అందరిదీ అదే ప్రశ్న.

ఇది నా ఒక్కడి అనుభవం కనుక కొట్టిపారెయ్యవచ్చు. చరిత్రలో చూడండి. 1922లో ఇనుగుర్తి అనే పల్లెటూళ్లో కూర్చుని ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక నడిపారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణంలో కవులు పూజ్యం అని ఎవరో అన్నందుకు జవాబుగా, 1934లో ఆయన 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. 354 మంది కవులు! వాళ్లు ఆ ఏడు కొత్తగా పుట్టుకొచ్చినవాళ్లు కారు. తమ ఊళ్లలో తాము పద్యాలు రాసుకుంటూ ఉన్నవాళ్లే. పత్రిక అనేది ఒకటి ఉండబట్టి వాళ్లంతా ఒక్క అట్టకింద చేరారు. ఇవాళ ఆ సంచికను మనం తిరగేస్తున్నది అందులోని ప్రతి పద్యమూ గొప్పదని కాదు. ఇంతమంది ఉండేవారని తెలియడం కోసం. 1966లో వరంగల్లు నుంచి మొదలైన 'సృజన' 1992 దాకా వచ్చింది. కడప నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో తెచ్చిన 'సంవేదన' కొద్ది సంచికలతోనే ఆగింది. అయినా విమర్శ అనగానే ఈనాటికీ ఆ పేరు ఎత్తుతున్నారు. ఎన్నేళ్లు బతికిందన్నది ముఖ్యం కాదని దీన్నిబట్టే తేలుతున్నది.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండేళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థిని నా దగ్గరకు వచ్చింది. మన జిల్లా రచయిత్రి ఒకావిడ మొట్టమొదట సభలో కథ చదివినది ఎప్పుడో తేదీ కావాలి. ఆ సభ కబురు ఒక చిన్న పత్రికలో పడిందని నాకు బాగా గుర్తు. ఇద్దరం కలిసి ఒక గ్రంథాలయానికి వెళ్లాం. పత్రిక సంపుటాలు ఉన్నాయి. చక్కటి కాలికో బైండు, వీపు మీద బంగారు రంగు అక్షరాలు. తెరిచి చూస్తే కథలున్నాయి, కవితలున్నాయి. అట్టలు లేవు, ప్రకటనలు లేవు, చివరి పేజీలు లేవు. "అవి తీసేసి కుట్టమన్నారండీ, లావు తగ్గుతుందని" అన్నాడు బైండరు. అతని తప్పేముంది? తీసెయ్యమన్నవారు కూడా దుర్మార్గులు కారు. సాహిత్యాన్ని ఉంచి చెత్తను తీసేశామనే అనుకున్నారు. ఆ అమ్మాయి తేదీ లేకుండానే సిద్ధాంతవ్యాసం సమర్పించింది. ఆ రచయిత్రి ఇప్పుడు లేరు, అడగడానికి.

మనకు దగ్గరలోనే శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించారు. ఒక బడిపంతులు తన జీవితం ధారపోసి తెలుగు కథకు ఇల్లు కట్టారు. 2021లో ఆయన పోయినా ఆ ఇల్లు ఉంది. 1924 నుంచి 1991 దాకా వచ్చిన 'భారతి' సంచికలను ప్రెస్ అకాడమీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అంతా సంతోషమే. కథకు ఇల్లు దొరికింది, పెద్ద పత్రికకు నీడ దొరికింది. కథ చదివి కార్డు ముక్క రాసినవాడికే ఎక్కడా చోటు లేదు.

ఇప్పుడు అంతా వాట్సాప్‌లో ఉంది కదండీ అంటారు. ఉంది, కాదనను. సభ జరుగుతూండగానే ఫొటోలు వస్తున్నాయి. ఎవరైనా పోతే అరగంటలో రెండువందల మంది చేతులు జోడిస్తున్నారు. ఫోను మార్చిన రోజున అవన్నీ ఏమవుతున్నాయి? కిందటి ఏడు మన ఊళ్లో జరిగిన సాహిత్య సభలు ఎన్నో, ఎక్కడో చెప్పమంటే నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. 1986 సంగతి అయితే నా పెట్టెలోంచి తీసి చెబుతాను. కాగితమే కావాలని నా పట్టుదల కాదు. అమెరికాలోని తెలుగువారు 1998లో మొదలుపెట్టిన 'ఈమాట' కాగితం మొహం ఎరగదు, పాత సంచికలన్నీ పదిలంగా దాచుకుంది. దాచాలన్న బుద్ధి ఉంటే దారి దొరుకుతుంది.

ఆ గుంపుల్లో లోపాలు లేవని అననులెండి. ఇరవైమంది ఒకరి పుస్తకం ఒకరు ఆవిష్కరించుకుని, ఒకరికి ఒకరు శాలువా కప్పుకుని, అదే వార్త అని వేసుకోవడం నేనూ చూశాను, కొన్నిటికి శాలువాలు మోశాను కూడా. సంపాదకుడికి గిట్టని వాళ్ల పుస్తకం 'స్వీకారం'లోకి కూడా ఎక్కేది కాదు. అసలు ఆడవాళ్ల పేర్లు ఎంత తక్కువో లెక్కపెడితే సిగ్గేస్తుంది. కాని ఆ లెక్క పెట్టడానికైనా ఆ పేజీలు ఉండాలి కదా.

యూనియన్ వారిని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. మీకు వచ్చే నిధుల్లోంచి మూడు చిన్న పత్రికలకు చందా కట్టండి. అట్టలతో, ప్రకటనలతో, చివరి పేజీలతో సహా బైండు చేయించండి. ఈ సావనీరు చివర కూడా, గ్రూప్ ఫొటోల తరువాత, ఈ ఏడు మన కాలేజీలో ఎవరు ఏం రాశారో, ఎవరు రిటైరయ్యారో, మెస్‌లో ఎవరు పోయారో నాలుగు పేజీలు వెయ్యండి.

మాస్టారి ఆరోగ్యం చెడి 1989లో మా పత్రిక ఆగిపోయింది. ఆఖరి సంచికలో, ఆయన ఇంట్లో జరిగిన గోష్ఠి వార్త రాసినది నేను. సంచిక వెళ్లిన వారం రోజులకు బొబ్బిలి దగ్గర పల్లెలో కిరాణా కొట్టు నడిపే చందాదారు ఒకాయన కార్డు రాశారు. కథ గాని, కవిత గాని ఎన్నడూ పంపినవారు కారు, ప్రతి సంచికకూ ఉత్తరం మాత్రం రాసేవారు. ఆ కార్డు నా దగ్గరే ఉండిపోయింది. గోష్ఠికి పదిమంది హాజరైనట్లు వేశారనీ, లోపల చోటు లేక తాను అరుగు మీద కూర్చున్నాననీ, బస్సు వేళ కావడంతో చెప్పకుండా వెళ్లిపోయాననీ, వీలుంటే వచ్చే సంచికలో సరిచేయగలరనీ రాశారు. వచ్చే సంచిక రాలేదు. మన సంచిక సంపాదకులు అనుమతిస్తే ఇక్కడ వేస్తున్నాను.

సవరణ: గోష్ఠికి హాజరైనవారు పదకొండుగురు.