గుప్పెడు గింజలు వేస్తే నీళ్లెందుకు తేరలేదు?

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వానలకు బావి నీళ్లు ఎర్రగా బురదగా వస్తుంటే, ఎవరో చెప్పారని బిందెలో పది పన్నెండు మునగ గింజలు నూరి కలిపారట. సాయంత్రానికి నీళ్లు తేటగా తేరాయి. మర్నాడు ఇంకా బాగుంటాయని రెండు గుప్పెళ్లు వేస్తే, తెల్లారినా పాలు కలిపినట్టు మబ్బుగానే ఉన్నాయట. "గింజలు పాతవా? నా చేతిలో లోపమా? ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఆ నీళ్లు పట్టొచ్చా?" అని అడిగారు.

మీ చేతిలో లోపమేమీ లేదమ్మా. ఎక్కువ వేయడమే లోపం. ఎందుకో చూద్దాం.

బురద నీటిలో ఉండే మట్టి రేణువులు కంటికి ఆనవు. అన్నింటికీ ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కనుక ఒకదాన్నొకటి తోసుకుంటాయి. దగ్గరకు చేరవు, బరువెక్కవు, అడుగుకు దిగవు. మునగ గింజలోని మాంసకృత్తులకు దానికి వ్యతిరేకమైన ఆవేశం. అవి పోయి మట్టి రేణువుకు అతుక్కుని, పక్క రేణువును కూడా పట్టుకుంటాయి. అలా గుంపులు కట్టి మట్టి దిగిపోతుంది. మరి గుప్పెళ్లకొద్దీ వేస్తే? ప్రతి రేణువుకూ చుట్టూ మాంసకృత్తుల పూత పట్టేస్తుంది. పట్టుకోవడానికి ఖాళీ చోటుండదు, ఆవేశం తిరగబడి మళ్లీ తోసుకోవడం మొదలు. ఇక తేరమన్నా తేరవు!

మన అమ్మమ్మలు కుండ లోపల చిల్లగింజను నాలుగు చుట్లు అరగదీసి వదిలేసేవారు, గుర్తుందా? సుశ్రుత సంహితలో 'కతకం' అని చెప్పింది దీన్నే. సూడాన్‌లో నైలు నది ఒడ్డున ఉండే ఆడవాళ్లదీ మునగ గింజల వైద్యమే. నాలుగు చుట్లే ఎందుకని మనమెప్పుడూ అడగలేదు. అడిగితే "ఎక్కువ తిప్పకే" అని చెయ్యి మీద ఒకటి వేసేవారు.

ఇదే పూత ఒకచోట చెరుపైతే ఇంకోచోట మేలు. నిజాం కాలంలో కోరుట్ల చేతికాగితానికి పేరు. పట్వారీల లెక్కల పుస్తకాలకు దాన్నే వాడేవారు. ఆ రోజుల్లో రాసే సిరా అంటే దీపం మసి, తుమ్మజిగురు. ఉత్త మసిని నీళ్లలో కలిపి చూడండి, ముద్దలు కట్టి పైన కొంత, అడుగున కొంత చేరుతుంది. జిగురు వేసి నూరితే ప్రతి మసి రేణువూ జిగురు కోటు తొడుక్కుని దేనికది విడిగా ఉంటుంది. సిరిసిల్లలో నేతన్నలు పడుగు నూలుకు పట్టించిన గంజి కూడా పూతే. కాకపోతే అక్కడ అది పోగు నూగు లేవకుండా, మగ్గం రాపిడికి తెగకుండా కాపాడేందుకు. ఇప్పుడక్కడ పాలిస్టర్ బట్టే ఎక్కువ లెండి.

ఇంకో చిత్రం ఉంది. రేణువుకు అసలు అతుక్కోని జిగురు కూడా రేణువులను ఒకచోటికి చేరుస్తుంది! పెళ్లి పందిట్లో రెండు ఖాళీ గంగాళాలు పెట్టారనుకోండి. చుట్టూ పిల్లలు పరుగులు. రెండూ దగ్గరైతే మధ్యలో పిల్లలు దూరలేరు, బయటి వైపు నుంచే తగులుతుంటారు. అలా తగిలి తగిలి చివరకు గంగాళాలు రెండూ ఆనుకుంటాయి. 1954లో అసకురా, ఊసావా అనే జపాను శాస్త్రవేత్తలు దీన్ని లెక్కకట్టి చూపించారు. ఐస్‌క్రీమ్ చిక్కబడాలని పాలలో గ్వార్ గమ్ వేస్తే ఒక్కోసారి నీరు విడిపోయేది ఇందువల్లే. గ్వార్ గమ్ మరేదో కాదు, మన గోకరకాయ గింజల పిండే.

సరే, జగిత్యాల సోదరి సంగతి. నీళ్లు కాస్త మబ్బుగా ఉంటే నాలుగు లీటర్లకు ఒక గింజ. బాగా బురదైతే లీటరుకు ఒకటి, మరీ బురదైతే రెండు. అంతకు మించవద్దు. ఎండిన గింజల పొట్టు తీసి మెత్తగా దంచి, గ్లాసు నీళ్లలో ఐదు నిమిషాలు గిలక్కొట్టి, పలచని గుడ్డలో వడగట్టి బిందెలో పోయండి. ఒక నిమిషం గబగబా, ఐదు నిమిషాలు నెమ్మదిగా కలిపి గంట రెండు గంటలు కదపకుండా ఉంచి, పైతేట వంచుకోండి.

తేటగా ఉన్నాయి కదా అని మాత్రం పిల్లకు పట్టకండి. మట్టితో పాటు క్రిములు చాలావరకు దిగినా అన్నీ పోవు. ఆ పైతేటను మసలకాగనిచ్చి, చల్లార్చి, మూతపెట్టిన గిన్నెలో ఉంచి పట్టండి. గుప్పెళ్లు వేసిన ఆ బిందె నీళ్లు చెట్లకు పోసేయండి. తేర్చిన నీళ్లను కూడా మరుసటి రోజుకు దాచవద్దు, గింజ సారం మిగిలి వాసన వేస్తాయి.