బస్సు చార్జీ దగ్గరే ఆగిపోతున్న చదువులు

మానవ శాస్త్రంలో పరిశోధన చేసే పిల్లకు ఏం కావాలి? కోట్ల రూపాయల యంత్రాలు అక్కర లేదు. అద్దాల ప్రయోగశాల అక్కర లేదు. విత్తనం వేసిన నాటి నుంచి పంట ఇల్లు చేరే దాకా ఒక గూడెంలో ఉండాలి. పుట్టుక, పెళ్లి, చావు, పండుగ, పంచాయితీ కళ్లారా చూడాలి. అందుకు బస్సు చార్జీలు కావాలి. అన్నం పెట్టే ఇంటికి ఇన్ని బియ్యం, ఇంత పప్పు ఇవ్వాలి. మాటలు రికార్డు చేసుకునే పరికరం ఒకటి కావాలి. పాత ఫైళ్ల కోసం తార్నాకలోని ఆర్కైవ్స్‌కు పది సార్లు తిరగాలి. అంతే! ఈ చిల్లర పైసలిచ్చే దిక్కు లేకనే మన బిడ్డల చదువులు ఆగిపోతున్నాయి.

వెనుకటి ముచ్చట ఒకసారి యాది చేసుకుందాం. హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. ముప్పై ఏళ్లు నిండక ముందే రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ ఆయనను లండన్ చేర్చింది. 1940లో కొమురం భీం నేలకొరిగినంక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని నిజాం సర్కారు ఆయననే పంపింది. అది నిజాం దయాగుణం కాదు. భీం నెత్తురు చిందితే గానీ సర్కారుకు సోయి రాలేదు! ఆ పరిశోధన పుస్తకాల్లోనే ఉండిపోలేదు. గోండి బడులకు, మార్లవాయిలో పంతుళ్ల శిక్షణ కేంద్రానికి దారి తీసింది. చెంచుల మీద 1943లో, రాజ్ గోండుల మీద 1948లో ఆయన పుస్తకాలు వచ్చాయి.

శామీర్‌పేట సంగతీ అంతే. ఎస్.సి. దూబే ముప్పైకి అటూ ఇటూ ఉన్న వయసులో ఉస్మానియా బృందంతో ఆ ఊరిని చదివాడు. 1955లో వచ్చిన ఆయన పుస్తకం దేశదేశాల విద్యార్థులకు పాఠమైంది. వయసులో ఉన్న పరిశోధకుడి వెనుక ఒక సంస్థ నిలబడితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పటి లెక్క చూడండి. జేఆర్‌ఎఫ్ దక్కితే నెలకు 37 వేలు, 2023 జనవరి నుంచి. దక్కినోళ్లు ఎందరు? దక్కని వాళ్లకు కేంద్ర యూనివర్సిటీల్లో పీహెచ్‌డీకి నెలకు 8 వేలు ఇచ్చే పథకాన్ని 2015 అక్టోబర్‌లో యూజీసీ ఎత్తేయబోయింది. విద్యార్థులు ఢిల్లీలో రోడ్డు మీద పడుకుంటేనే వెనక్కి తగ్గింది. ఆ పథకంలో రాష్ట్ర యూనివర్సిటీల పిల్లలకు చోటే లేదు. గిరిజన విద్యార్థుల జాతీయ ఫెలోషిప్‌లు దేశమంతటికీ, అన్ని సబ్జెక్టులకూ కలిపి ఏడాదికి 750. 2011 లెక్కల ప్రకారం గిరిజన జనాభా 10 కోట్ల పైచిలుకు!

విదేశీ ఫౌండేషన్లు లేవా అని అడిగే పెద్దలున్నారు. ఉన్నాయి. న్యూయార్క్‌లోని వెన్నర్-గ్రెన్ ఏ దేశపు పరిశోధకుడికైనా ఇస్తుంది. సంతోషం. కానీ తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో గోండి, కోయ మాట్లాడే పిల్ల ప్రపంచమంతటితో ఇంగ్లీషులో పోటీపడి, న్యూయార్క్ పైసలతో జైనూరు బస్సెక్కాలా? ఆమె ఊరికి ఆమెను పంపలేని సర్కారు ఎవరిది?

ఇది డిగ్రీల ముచ్చట మాత్రమే కాదు, భూమి ముచ్చట. అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నిబంధనల్లో 13వది చదవండి. పేరున్న సంస్థలు ఆచార సంప్రదాయాల మీద చేసిన పరిశోధన కూడా హక్కుకు సాక్ష్యమేనని అందులో ఉన్నది. అంటే మన పిల్ల రాసిన నాలుగు పేజీలు రేపు ఒక గూడేనికి ఆధారం కావచ్చు. రాసేవాళ్లను పంపకుండా, గూడెంను మాత్రం కాగితం చూపమనడం ఏం న్యాయం?

నిధుల్లో మన వాటా కోసం కొట్లాడినోళ్లం. రాష్ట్రం 2014లో వచ్చింది. ఆ నిధుల నుంచి పరిశోధక విద్యార్థి బస్సు చార్జీ అడగడానికి మేం సిగ్గుపడం. ఒక్కొక్కరికి 50 వేల చొప్పున ఏడాదికి వంద మందికి ఇస్తే అయ్యేది 50 లక్షలు. రాష్ట్ర బడ్జెట్‌లో అదెంత?

మేం అడిగేది ఇదీ: ప్రతి రాష్ట్ర యూనివర్సిటీలో క్షేత్ర పరిశోధన నిధి పెట్టాలి. దరఖాస్తు తెలుగులోనూ తీసుకోవాలి. బిల్లులు తెచ్చినంక కాదు, ఊరికి పోయే ముందే పైసలివ్వాలి. రాసిన దాని ప్రతి ఒకటి ఆ గూడేనికి చేరాలి. విద్యార్థి సంఘాలు ఈ డిమాండును వీసీల టేబుళ్ల మీద పెట్టాలి. ఉద్యోగ సంఘాల అన్నలు, అక్కలు తోడు రావాలి.

మన గురించి ఎవరో వచ్చి రాసేదాకా ఆగుదామా? మన బిడ్డను బస్సెక్కిద్దామా?