తలపై అర అందరిది

మొన్నటి వేసవి సెలవులలో మేము మీనంబాకము విమానాశ్రయమునుండి విశాఖపట్టణమునకు పయనమైతిమి. ఒక యువకుడు తన చేతిపెట్టెను తలపై అరలో అడ్డముగా పరుండబెట్టి, ప్రక్కన మరియొక సంచిని, దుకాణపు పొట్లమును చేర్చెను. వెనుక వచ్చిన వృద్ధురాలి పెట్టెకు చోటు లేకపోయెను. సిబ్బంది దానిని ఎనిమిది వరుసల వెనుక నుంచిరి. విమానము నిలిచిన పిమ్మట అందరును దిగిపోవువరకు ఆమె దానికొరకు వేచియుండెను.

ఆ యువకుడు మా పూర్వవిద్యార్థియే. అతనికి సంధులు నేర్పితిమి గాని సర్దుకొనుట నేర్పమైతిమి!

ఆసనమునకు సంఖ్య గలదు, అరకు లేదు. మన దేశములోని ప్రయాణములందు సాధారణ తరగతివారికి సామాన్యముగా అనుమతించునది 7 కిలోల చేతిపెట్టె ఒక్కటి. చిన్నసంచి యున్నచో అది ముందు ఆసనము క్రింద ఇముడును. బోయింగు 737 విమానముల క్రొత్త అరలలో పెట్టెలను పుస్తకములవలె నిలిపినచో ఆరు పట్టును. పాత అరలలో నాలుగే. అయినను పరుండబెట్టువానికి క్రొత్త అరయు పాత అరయే యగును.

“డబ్బిచ్చి టిక్కెట్టు కొంటిమి గదా” యని కొందరు పెద్దలందురు. వెనుక వచ్చువారును కొన్నవారే.

బాలలారా! ఈ చెన్నై మహానగరమున మన భాషకింత చోటు కావలెనని కోరుచున్నవారము మనము. చోటు విలువ మనకు తెలియనిది కాదు. కావున పరులకు జానెడు చోటు విడుచుట ముందుగా మనమే నేర్వవలెను.