పాత పంచె, కొత్త వెలుతురు

ఫలక్‌నుమా నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు గనుక వేయడం లేదు. ఇంటి దగ్గరే జాకెట్లమీద మగ్గం పని చేసి, ఫోనులో ఫోటోలు తీసి పంపి, ఆ ఫోటోలు చూసి కోరినవారికి అమ్ముతుంటారట. శ్రావణమాసంలో మూడు జాకెట్లు తిరిగివచ్చాయి. “మేము చూసిన రంగు ఇది కాదు” అన్నారట కొన్నవారు. గుడ్డ ఖర్చు, జరీ ఖర్చు, వారం రోజుల కళ్ళ శ్రమ అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. ఇప్పుడు ఎవరో అయిదువేల రూపాయలు పెట్టి దీపాల సెట్టు కొనమని సలహా చెప్పారు. “కొనమంటారా, వద్దంటారా?” అని ఆమె ప్రశ్న.

వద్దంటాను. కనీసం ఇప్పుడే వద్దు.

ఉత్తరంతోబాటు ఆమె రెండు ఫోటోలు కూడా పంపారు. మంచి పని చేశారు. జబ్బు ఏమిటో రోగిని చూస్తేనే కదా తెలిసేది! మొదటి ఫోటోలో జాకెట్టు చేతి పక్కన రెండు నీడలున్నాయి. ఒకటి నీలిగా, మరొకటి పసుపుగా. అంటే ఆ గదిలో రెండు రకాల వెలుతురు పడుతోందన్నమాట. ఒకటి కిటికీ నుంచి వచ్చేది, రెండోది ఇంట్లో వెలిగే పసుపు బల్బు. రెండో ఫోటోలో మెరూన్ రంగు కాఫీగింజ రంగుకు తిరిగింది. వెనక గోడ చూస్తే పిస్తా పచ్చ. పాతబస్తీ ఇళ్ళలో ఆ పచ్చరంగు కంటికి ఎంత చల్లగా వుంటుందో నాకు తెలుసు. కాని గోడమీద పడిన వెలుతురు ఊరికే వుండదు. గోడ రంగును కాస్త వెంటపెట్టుకుని జాకెట్టు మీదికి వస్తుంది. మెరూన్‌మీద పచ్చ పడితే అది మట్టిరంగు కాక మరేమవుతుంది?

దీనికి తోడు ఫోను తెలివి ఒకటుంది. ఫోటో నిండా మెరూనే కనిపిస్తే, “వెలుతురే ఎర్రగా వుంది కాబోలు” అనుకుని, అది తనంతట తాను ఆ ఎరుపును తగ్గించేస్తుంది. అందుకని జాకెట్టు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి మొదటి ఫోటో తీయండి. తెలుపు తెల్లగా కనిపించేదాకా రంగు సర్దండి. ఫోనులో ఆ వీలు వుంటే సర్దిన దాన్ని అక్కడే నిలిపివేయండి. తరువాత కాగితం తీసివేయవచ్చును. అయిదువేల సెట్టుకన్నా ఈ కాగితం ముక్క మీకు ఎక్కువ ఉపకారం చేస్తుంది.

ఇక వెలుతురు సంగతి. మీరు వుంటున్న ఊరికి ఈ విషయంలో చరిత్ర వుంది. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టిన లాలా దీన్‌దయాళ్, రూర్కీలో ఇంజనీరు చదువు చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేసి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యారు. నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ అన్న బిరుదు ఇచ్చారు. వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన మీ గుట్టమీది ప్యాలెస్‌ను కూడా ఆయన కెమెరా చూసింది. (అదే ప్యాలెస్ 2010 నుంచి హోటలుగా నడుస్తోంది. భోజనపు బల్ల దగ్గర 101 మంది ఒకేసారి కూర్చోవచ్చునట.) ఆ దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో పెట్టారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల కెమెరా పట్టడానికి ఒక ఇంగ్లీషు దొరసాని. ఇంటి నాలుగు గోడల మధ్య కూర్చున్న స్త్రీకి మంచి ఫోటో ఎలా అన్న చింత ఈ ఊరికి కొత్తది కాదన్నమాట.

ఆ కాలపు స్టూడియోల్లో వెలుతురు ఎక్కడిది? ఎక్కువగా ఆకాశానిదే. ఉత్తరపు వైపు అద్దాల కిటికీ పెట్టి, అద్దం వెనక తెల్ల తెరలు కట్టి, వాటిని అటూ ఇటూ లాగుతూ వెలుతురును కొలత పెట్టేవారు. ఉత్తరపు కిటికీలోంచి సూర్యుడు దాదాపుగా నేరుగా తొంగిచూడడు; పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలుతురు నెమ్మదిగా, ఒకే తీరుగా వుంటుంది. అదే మీకూ సూత్రం.

మీ కిటికీ గల్లీ వైపు వుందన్నారు. ఎండ నేరుగా పడని వేళ చూసుకోండి. బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల పంచె ఒకటి తీసి కిటికీకి అడ్డంగా దండెం మీద ఆరవేసినట్లు కట్టండి. కొత్త పంచె వద్దు; గంజి, నీలిమందు ఇంకా వదలని గుడ్డ వెలుతురుకు నీలి చాయ అంటిస్తుంది. ఇప్పుడు మీ వెలుతురు కిటికీ నుంచి కాదు, పంచె నుంచి వస్తున్నది. పంచె ఎంత పెద్దదైతే, జాకెట్టుకు ఎంత దగ్గరగా వుంటే, నీడ అంచులు అంత మెత్తగా వుంటాయి. మిట్టమధ్యాహ్నం మన నీడ కత్తితో కోసినట్లు వుంటుంది, మబ్బు పట్టిన రోజు నీడే కనపడదు. సూర్యుడు అంత పెద్దవాడైనా మనకు చాలా దూరం గనుక చిన్న చుక్క కింద లెక్క. మబ్బు ఆకాశమంతా పరుచుకున్న పెద్ద దీపం. అంతే తేడా.

కిటికీకి ఎదురుగా, జాకెట్టుకు అవతలి పక్కన, ఒక తెల్లని పలక నిలబెట్టండి. థర్మోకోల్ దొరికితే సరే. పెళ్ళి మంటపం ముక్కలైనా పనికివస్తాయి. లేకపోతే అట్టమీద తెల్ల డ్రాయింగు కాగితం అంటించండి. అది చీకటి పక్కన పడ్డ నీడను కాస్త తేలికచేస్తుంది. మీ పిస్తాపచ్చ గోడను మాత్రం మరో తెల్ల దుప్పటితో కప్పివేయండి. రంగు సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది.

మగ్గం పనికి ఒక ప్రత్యేకమైన కిటుకు వుంది. చాలామంది దీపాన్ని సరిగ్గా పైన పెడతారు. అప్పుడు పూసలు, కుందన్‌లు, ముళ్ళకుట్టు అన్నీ అచ్చువేసిన గుడ్డలా చదునుగా కనిపిస్తాయి. వెలుతురు ఒక పక్కనుంచి, కాస్త కిందుగా, గుడ్డను రాసుకుంటూ పోవాలి. ఒక్కొక్క పూసకు ఆవగింజంత నీడ పడుతుంది. ఆ నీడవల్లే మీ చేతిపని ఎత్తు కనిపిస్తుంది. జరీ సంగతి వేరు. జరీ రంగు కాదు, అద్దం. అద్దానికి తన ముఖం లేదు; ఎదుట ఏముంటే అది చూపిస్తుంది. ఎదుట చీకటి గది వుంటే జరీ నల్లబడుతుంది, ఎదుట చిన్న బల్బు వుంటే ఒక్క చుక్క మాత్రం తళుక్కుమని మిగతాది నల్లగా వుంటుంది. ఎదుట తెల్లని పంచె వుంటే బంగారు తీగ పొడవునా బంగారంలా వుంటుంది. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం అంటారు కదా. మీ జరీకి కూడా అలాంటి ఆకాశం ఒకటి చూపించాలి, అంతే. అందుకని పంచె కనీసం జాకెట్టు అంత పెద్దదిగానైనా వుండాలి.

“పగలంతా కుట్టుపని. ఫోటోలు తీయడానికి రాత్రే తీరిక” అని మీరు రాశారు. అలాగైతే దీపం కావలసిందే. అదీ ఇంట్లోనే చేసుకుందాం.

ఫ్యాను వచ్చిన అట్టపెట్టె వంటిది ఒకటి తీసుకోండి. లోపల నాలుగు పక్కలా తెల్లకాగితం అంటించండి. వెనక అట్టకు రెండు బేకలైట్ హోల్డర్లు బిగించి, ఎల్.ఇ.డి. బల్బులు పెట్టండి. 9 వాట్ల ఎల్.ఇ.డి. ఒకటి పాతకాలపు 60 వాట్ల బల్బుకు తక్కువ వెలుతురు ఇవ్వదు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి కావాలి. పెట్టెమీద 6500 కె. అని వుంటే పగటి తెలుపు, 3000 కె. అని వుంటే పసుపు. సి.ఆర్.ఐ. అనే అంకె కూడా చూడండి. 90 దాటినవి దొరికితే కొంచెం ధర ఎక్కువైనా అవే కొనండి. నాసి బల్బుల వెలుతురులో ముదురు ఎరుపు తక్కువగా వుంటుంది, మీ మెరూన్ దెబ్బతినేది అక్కడే. పెట్టె ముందువైపు పంచె ముక్కను బిగువుగా లాగి కట్టండి. ట్రేసింగు కాగితమైనా సరే. హోల్డర్లు, వైరు, ప్లగ్గు మీ వీధి ఎలక్ట్రికల్ షాపులోనే దొరుకుతాయి, సి.ఆర్.ఐ. 90 బల్బు కోసం మాత్రం ట్రూప్‌బజారు దాకా వెళ్ళవలసిరావచ్చు.

ఒక్క హెచ్చరిక. పెట్టె పైనా కిందా చేతివేలంత బెజ్జాలు నాలుగేసి పెట్టండి. ఎల్.ఇ.డి. చల్లగా వుంటుందని అనుకుంటాంగాని, దాని మొదట్లో వేడి పుడుతుంది, గాలి ఆడకపోతే బల్బు త్వరగా పోతుంది. పెళ్ళి వీడియోలవాళ్ళు వాడిన 500 వాట్ల హాలోజన్ దీపం ఏ జుమ్మెరాత్ బజారులోనో చౌకగా దొరికిందని తెచ్చి ఈ పెట్టెలో పెట్టేరు సుమా! అట్ట, గుడ్డ, థర్మోకోల్ మూడూ అంటుకునేవే. వైరు కలపడం తెలియకపోతే తెలిసినవాళ్ళ చేత కలిపించండి. వైరును హోల్డరులో ముడివేసి పెడితే లాగినా ఊడదు. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి పని అయిపోగానే ప్లగ్గు తీసి పైన పెట్టండి.

స్టాండు? ఖాళీ రంగు బకెట్టులో అంగుళం లావు పి.వి.సి. పైపును నిలబెట్టి, ఇసుక కూరి నింపండి. పాత ప్యాంటు కాలు కోసి, రెండు కొసలూ కుట్టి, లోపల ఇసుక పోస్తే అదనపు బరువు కూడా వస్తుంది. కుట్టుపనివారు మీరు, నేను చెప్పేదేముంది!

దీపం ఎంత దూరంలో పెట్టాలన్నది అసలు చిక్కు. రెండడుగుల దూరంలో వున్న చిన్న దీపాన్ని నాలుగడుగులకు జరిపితే వెలుతురు సగం కాదు, పావు అవుతుంది. దీపాన్ని మరీ దగ్గర పెడితే జాకెట్టు ఒక చెయ్యి తెల్లబోయి, రెండో చెయ్యి చీకట్లో పడేది ఇందుకే. దూరం జరిపితే రెండు చేతులూ సమంగా వస్తాయిగాని నీడ గట్టిపడుతుంది. మూడడుగుల దగ్గర మొదలుపెట్టి, అవతలి పక్క తెల్లపలకను దగ్గరకు జరుపుతూ చూడండి. ఈ దీపం వెలిగించినప్పుడు గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పివేయాలి. ఇది మరువకండి. ఫోటోలో అడ్డగీతలు కనిపిస్తే భయపడకండి. మన కరెంటు దీపం సెకనుకు నూరుసార్లు మినుకుతుంది. ఫోనులో షట్టరును నూరోవంతుకో, యాభయ్యోవంతుకో మారిస్తే గీతలు పోతాయి. ఫోనును చేత్తో పట్టుకోకుండా బియ్యం డబ్బాకు ఆనించి పెట్టండి.

గుడ్డతో వెలుతురును మెత్తబరచడం చేతకానివాళ్ళ ఉపాయమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ చిత్రంలో కాశీ ఇంటి ముంగిలి స్టూడియోలో వేసిన సెట్టు. ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రా ఆ ముంగిటి పైన తెల్లగుడ్డ పరిపించి, దీపాలను కింద నుంచి దానిమీదికి కొట్టించి, తిరిగి జారివచ్చిన వెలుతురుతో పగటి ఆకాశాన్ని తెప్పించాడు. అది స్టూడియో అని చూసినవాళ్ళకు తోచదు.

ఉత్తరం చివర్న మీ అత్తగారి సంగతి రాశారు. ఆమెకు ఎనభై దాటాయనీ, ఒక్క మంచి ఫోటో కూడా లేదనీ, దీపాలు పెడితే “నాకెందుకే ఈ సింగారం” అని లేచిపోతారనీ. ఆమెకు దీపం వద్దు. పొద్దున పది గంటలవేళ అదే కిటికీ పక్కన, అదే పంచె చాటున, మామూలుగా కూర్చునే పీటమీదే కూర్చోబెట్టండి. చేతికి చిక్కుడుకాయలు ఇవ్వండి, ఒలవమనండి. వెలుతురు ముఖానికి ఒక పక్కనుంచి పడుతుంది; ముడతలు పోవు, పోనూకూడదు, కాని కోసినట్లు వుండవు. అవతలి పక్క తెల్లపలకను మీ అమ్మాయి చేతికిచ్చి పట్టుకోమనండి. కళ్ళజోడులో కిటికీ తెల్లగా మెరిస్తే, జోడు కాళ్ళను చెవులమీద కాస్త పైకి ఎత్తితే అద్దాలు కిందికి వంగుతాయి, మెరుపు పోతుంది. ఫోటో తీస్తున్నట్లు చెప్పకండి. కాయలు ఎన్ని కిలోలు తెచ్చావే అని ఆమె తల ఎత్తి మిమ్మల్ని అడిగినప్పుడు తీయండి.

ఆ ఫోటో ఎలా వచ్చిందో నాకు రాయండి. వీలుంటే ఒక కాపీ పంపండి.