తుపాకీకి లైసెన్సు ఇచ్చాక...

ఎన్నికల షెడ్యూలు వెలువడిన మర్నాటి నుంచీ హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ వంటి పోలీస్‌ స్టేషన్లకు కొత్త రకం మనుషులు వస్తారు. వాళ్లకు ఫిర్యాదు ఉండదు, తగాదా ఉండదు. చేతిలో పొడవాటి కాన్వాస్‌ సంచో, జిప్పు వేసిన చిన్న తోలు పౌచో ఉంటుంది. లైసెన్సు పుస్తకం బల్ల మీద పెడతారు. స్టేషన్‌ రైటర్‌ తుపాకీ మీద చెక్కిన నంబరును పుస్తకంలోని నంబరుతో సరిచూసుకుంటాడు. తూటాలు ఒక్కొక్కటే లెక్కపెట్టి, రిజిస్టర్‌లో రాసుకుని, రసీదు చేతికిస్తాడు. ఫలితాలు వచ్చి ఎన్నికల కోడ్‌ ఎత్తేశాక ఆ రసీదు చూపించి తుపాకీ వెనక్కి తెచ్చుకోవాలి. తెలంగాణలో అసెంబ్లీకి 2023 నవంబర్‌ 30న, లోక్‌సభకు 2024 మే 13న పోలింగ్‌ జరిగింది. ఆరు నెలలు తిరక్కుండానే రెండోసారి అదే బల్ల, అదే రిజిస్టర్‌.

లైసెన్సుదారుల్లో చాలామందికి ఇదే పెద్ద ఫిర్యాదు. ఎన్నికల సంఘం మార్గదర్శకాలు నిజానికి అందరి తుపాకులూ తీసుకోమని చెప్పలేదు. స్క్రీనింగ్‌ కమిటీ కూర్చోవాలి. బెయిలు మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, గతంలో ఎన్నికల గొడవల్లో పాలుపంచుకున్నవాళ్లు ఎవరో చూసి, ఎవరి ఆయుధం తీసుకోవాలో తేల్చాలి. లైసెన్సు ఉన్న పాపానికి అందరినీ ఒకే గాటన కట్టడం కుదరదని బాంబే, అలహాబాద్‌ హైకోర్టులు వేర్వేరు సందర్భాల్లో చెప్పాయి. ఆచరణలో మాత్రం బ్యాంకు గార్డులకు, షూటింగ్‌ క్రీడాకారులకు మినహాయింపు ఇచ్చి, మిగతా అందరికీ కలిపి ఒకే ఉత్తర్వు ఇవ్వడం అధికారులకు సులువు. ఈ ఫిర్యాదులో న్యాయం ఉంది. అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇది కాదు. ఎన్నికలప్పుడు ఇంత పట్టుదలగా లైసెన్సుదారుణ్ని పేరుపేరునా పిలిచే వ్యవస్థ, మిగిలిన రోజుల్లో అతని గురించి ఏం తెలుసుకుంటోంది?

దీనికి జవాబు వెతకాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వైస్రాయ్‌ లిట్టన్‌ హయాంలో 1878లో వచ్చిన ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసింది, తెల్లవాడికి మినహాయింపు ఇచ్చింది. ఆ అవమానం జాతీయోద్యమాన్ని చాలాకాలం వెంటాడింది. అందుకే 1931 కరాచీ కాంగ్రెస్‌ తీర్మానంలోని హక్కుల జాబితాలో, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా చేరింది. రాజ్యాంగ సభ దగ్గరకు వచ్చేసరికి గాలి మారింది. 1948 డిసెంబర్‌లో హెచ్‌.వి. కామత్‌ ఆ హక్కును చేర్చాలని సవరణ ప్రతిపాదిస్తే అంబేద్కర్‌ ఒప్పుకోలేదు. దేశ విభజన రక్తం ఆరని రోజులవి. హైదరాబాద్‌లో పోలీసు చర్య ముగిసి మూడు నెలలైనా కాలేదు. రజాకార్ల తుపాకులు, కమ్యూనిస్టు దళాల తుపాకులు ఈ నేల మీద ఏం చేశాయో చూసిన తరం అది. ఈ రోజు అశోక్‌నగర్‌ గదుల్లో గ్రూప్స్‌కు చదువుతున్న ఏ అభ్యర్థిని అడిగినా 19(1)(బి) అధికరణ చెబుతారు: శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. మన ప్రాథమిక హక్కుల్లో ఆయుధం ప్రస్తావన ఆ రూపంలో ఉంది.

కాబట్టి 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు హక్కు కాదు, అనుమతి. 21 ఏళ్లు నిండాలి. హైదరాబాద్‌లో ఆ అధికారం పోలీస్‌ కమిషనర్‌ది, కమిషనరేట్లు లేని జిల్లాల్లో కలెక్టర్‌ది. 2016 ఆయుధ నియమాల ప్రకారం దరఖాస్తుతో పాటు ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందిన పత్రం, శారీరక, మానసిక ఆరోగ్యం బాగున్నట్టు డాక్టర్‌ సర్టిఫికెట్‌ ఇవ్వాలి. స్థానిక స్టేషన్‌ నుంచి 30 రోజుల్లో నివేదిక రావాలి. అది అందాక 60 రోజుల్లో నిర్ణయం జరగాలి. కాదంటే కారణం కాగితం మీద పెట్టాలి. అడిగితే దరఖాస్తుదారుకు చెప్పాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పకూడదనుకుంటే మాత్రమే దాచవచ్చు. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న ప్రక్రియ, ‘తగిన కారణం’ అనే ఒక్క మాట దగ్గర మసకబారుతుంది. ఆ కారణం ఏమిటో చట్టం పూర్తిగా విడమరచలేదు. రాత్రిపూట నగదు, నగలు పట్టుకుని ఇంటికి వెళ్లే వ్యాపారికి ఉన్న భయం తగిన కారణమా? లేక ఎవరైనా బెదిరించి, దాని మీద ఎఫ్‌ఐఆర్‌ నమోదయ్యాకే అది కారణం అవుతుందా? ఎవరి వ్యాఖ్యానం వారిది. స్టేషన్‌ ఎంక్వైరీ, స్పెషల్‌ బ్రాంచ్‌ ఎంక్వైరీ, ఏసీపీ, డీసీపీ... ఫైలు ఏ మెట్టు మీద ఆగిందో తెలియకపోతే సామాన్యుడు సిఫారసు వెతుక్కుంటాడు. సిఫారసుతో కదిలిన ఫైలులో అవసరం కన్నా పలుకుబడి బరువు ఎక్కువ ఉంటుంది. ఇవ్వనంటే ఇవ్వనని గడువులోపు రాతపూర్వకంగా చెప్పడం దరఖాస్తుదారుకు చేసే మేలు మాత్రమే కాదు, వ్యవస్థను పైరవీల నుంచి కాపాడే పని కూడా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2016 ఫిబ్రవరిలో, నారాయణగూడకు కూతవేటు దూరంలోని హిమాయత్‌నగర్‌లో, ఒక డాక్టర్‌ కారులో కూర్చుని ఉండగానే మరో డాక్టర్‌ మీద రివాల్వర్‌ పేల్చారు. ఆస్పత్రి భాగస్వామ్యం మీద వచ్చిన వివాదం అది. కాల్చిన వ్యక్తి ఆ తర్వాత మొయినాబాద్‌ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో శవమై కనిపించారు. ఆ రివాల్వర్‌కు లైసెన్సు ఉంది. 2020 డిసెంబర్‌ 18న ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్‌ దగ్గర మొదలైన గొడవలో ఒక రాజకీయ నాయకుడు, మున్సిపాలిటీ మాజీ వైస్‌ చైర్మన్‌, రివాల్వర్‌ తీసి కాల్చారు. గాయపడినవారిలో ఒకరు చికిత్స పొందుతూ చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు నిందితుడికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ రివాల్వర్‌కూ లైసెన్సు ఉంది.

ఈ రెండు చోట్లా దొంగ లేడు, దోపిడీ లేదు. లైసెన్సు ఏ ప్రాణహాని పేరు చెప్పి తీసుకున్నా, చివరికి తుపాకీ గురిపెట్టింది తెలిసిన మనిషి మీదే. దరఖాస్తు నాడు ప్రశ్న ‘నీకు ఎవరి వల్ల ప్రమాదం?’ అన్నది. ‘నీ వల్ల ఎవరికి ప్రమాదం?’ అన్న ప్రశ్న ఆ ఒక్కనాటి పోలీసు నివేదికతో, ఒక డాక్టర్‌ సంతకంతో ముగిసిపోతోంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు కాలపరిమితి మూడు నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఐదేళ్లలో మనిషి ఎంత మారతాడు! వ్యాపారం దివాలా తీయవచ్చు, భార్య గృహహింస ఫిర్యాదు చేయవచ్చు, మందు అలవాటు ముదరవచ్చు, అన్నదమ్ముల మధ్య భూమి పంచాయితీ కోర్టుకెక్కవచ్చు. రెన్యువల్‌ నాటికి ఇవన్నీ జరిగిపోయి ఉంటాయి. ప్రజాశాంతికి, భద్రతకు అవసరమనుకుంటే లైసెన్సును ఎప్పుడైనా సస్పెండ్‌ చేసే అధికారం చట్టంలోని 17వ సెక్షన్‌లో ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు. కొట్లాట, బెదిరింపు, గృహహింస ఫిర్యాదు వచ్చిన రోజే, నిందితుడి పేరిట ఆయుధ లైసెన్సు ఉందా అని స్టేషన్‌లో చూడాలి. ఉంటే ఆ సంగతి అదే రోజు కమిషనర్‌ కార్యాలయానికి చేరాలి. ప్రతి లైసెన్సుకూ విశిష్ట సంఖ్య ఇచ్చి జాతీయ డేటాబేస్‌లో చేర్చారు. ఆ నంబరు లేని లైసెన్సు చెల్లదని 2020లోనే తేల్చారు. అంత కష్టపడి కట్టిన డేటాబేస్‌ను రెన్యువల్‌ తేదీలు చూసుకోవడానికే పరిమితం చేస్తే ఏం లాభం?

లైసెన్సుదారులు దీనికి ఎదురు ప్రశ్న వేస్తారు. ‘నగరాన్ని భయపెడుతున్నది మేమా? 2022 మార్చిలో ఇబ్రహీంపట్నం దగ్గర ఇద్దరు రియల్టర్లను కాల్చి చంపింది లైసెన్సు తుపాకులా? 2025 జనవరి 16న బీదర్‌లో ఏటీఎం నగదు వాహనం దగ్గర సిబ్బందిలో ఒకరిని చంపి, హైదరాబాద్‌ వచ్చి అఫ్జల్‌గంజ్‌లో కాల్చినవాళ్లకు లైసెన్సు ఉందా? అదే ఏడాది ఆగస్టులో చందానగర్‌ నగల దుకాణంలో తుపాకీ పేల్చినవాళ్లకు?’ లేదు. దొంగదారిన వచ్చే నాటు తుపాకులు, పిస్తోళ్లు వేరే సమస్య, పెద్ద సమస్య. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు లైసెన్సు లేని ఆయుధాల బెడదను తనంత తానుగా విచారణకు తీసుకుంది. అమెరికాలో మాదిరిగా మన రాజ్యాంగం ఎవరికీ ఆయుధ హక్కు ఇవ్వలేదని అప్పుడే గుర్తుచేసింది. దొంగ తుపాకీని పట్టుకోవడం ఎలాగూ పోలీసుల బాధ్యతే. అయితే లైసెన్సు తుపాకీ ప్రభుత్వం సంతకం పెట్టి ఇచ్చింది. దానితో ప్రాణం పోతే ఆ సంతకానికి జవాబుదారీ ఉండాలి. మొదటిది సాకుగా చూపించి రెండోదాని నుంచి తప్పించుకోలేం.

చిక్కడపల్లి మెయిన్‌ రోడ్డు మీద బ్యాంకు ముందు స్టూలు వేసుకుని కూర్చునే గార్డును ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? ఒళ్లో డబుల్‌ బ్యారెల్‌, భుజానికి అరిగిపోయిన తోలు పట్టీ, నడుముకు ఎర్ర తూటాల బెల్టు. చాలాచోట్ల ఈ గార్డులు మాజీ సైనికులు, తుపాకీ వాళ్ల సొంతం, లైసెన్సు వాళ్ల సొంత పేరు మీద ఉంటుంది. సొంత తుపాకీ ఉంటేనే ఉద్యోగం, రెన్యువల్‌ ఆలస్యమైతే జీతానికే ఎసరు. ఈ గిరాకీ చుట్టూనే మోసాలు పుట్టాయి. జమ్మూకశ్మీర్‌ పేరిట నకిలీ లైసెన్సులతో నగరంలో గార్డులుగా పనిచేస్తున్నవాళ్లను 2022లో హైదరాబాద్‌ టాస్క్‌ఫోర్స్‌ పట్టుకుంది. ఆ రాష్ట్రంలో 2012 నుంచి 2016 మధ్య జారీ అయిన 2.78 లక్షల లైసెన్సుల మీద సీబీఐ దర్యాప్తు సాగింది. గార్డు లైసెన్సు అసలుదో నకిలీదో నియమించే సంస్థ ముందుగా స్టేషన్‌లో సరిచూసుకుని తీరాలన్న పద్ధతి ఉంటే, నిజాయతీగా పనిచేసే మాజీ సైనికుడికీ గౌరవం దక్కుతుంది.

తుపాకీని బయటికి తీసుకెళ్లడం దగ్గర కూడా నియమాలు గట్టిగానే ఉన్నాయి. బహిరంగ స్థలంలో రివాల్వర్‌ హోల్‌స్టర్‌లో ఉండాలి, కప్పి ఉండాలి, అదుపులో ఉండాలి. చేతబట్టి ఊపకూడదు. ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్సు చూపించాలి. పెళ్లి బరాత్‌లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాల మీదకు తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ థియేటర్ల దగ్గర మొదటి ఆట రద్దీలో నడుముకు పిస్తోలు కట్టుకున్న మనిషిని ఊహించుకుంటే ఈ నియమం విలువ తెలుస్తుంది.

మన పిల్లలు చదువుకోవడానికి వెళ్తున్న అమెరికాలో గాలి ఎటు వీస్తోందో కూడా చూడాలి. తుపాకీతో బయట తిరగాలంటే ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్‌ చట్టాన్ని 2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే మన ‘తగిన కారణం’ లాంటి నిబంధన అక్కడ నిలవలేదు. రెండేళ్లకే, 2024 జూన్‌లో, గృహహింస కేసులో కోర్టు నిషేధ ఉత్తర్వు ఉన్న వ్యక్తికి తుపాకీ ఉండరాదన్న చట్టాన్ని అదే కోర్టు 8-1 మెజారిటీతో సమర్థించింది. ఆయుధం హక్కుగా ఉన్న దేశంలోనే మనిషి నడవడిని ఇలా చూస్తుంటే, అనుమతి మాత్రమే ఉన్న మనం ఇంకెంత చూడాలి! 2024 నవంబర్‌లో హైదరాబాద్‌కు చెందిన ఒక విద్యార్థి పుట్టినరోజు నాడు, అక్కడ కొత్తగా కొనుక్కున్న వేట తుపాకీ పేలి చనిపోయాడు. శవపేటిక ఇక్కడికి వచ్చింది. వీసా మీద ఉన్నవారు తుపాకీ ఉంచుకోకూడదన్నది అక్కడి ఫెడరల్‌ చట్టంలో సాధారణ నియమం. వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. పిల్లల్ని విమానం ఎక్కించే ముందు తల్లిదండ్రులు ఫీజుల గురించి, వాతావరణం గురించి మాట్లాడినట్టే దీని గురించీ మాట్లాడాలి.

చివరగా నారాయణగూడ, చిక్కడపల్లి పాత ఇళ్లలోని పాఠకులకు ఒక మాట. తాతగారో నాన్నగారో పోయాక ఆయన పన్నెండు బోరు తుపాకీ బీరువాలో అలాగే పడి ఉందా? లైసెన్సు ఆయనతోనే పోయింది. ఇప్పుడు ఆ తుపాకీ ఇంట్లో ఉండటం, మీకు ఏ దురుద్దేశం లేకపోయినా, నేరం కిందికి వస్తుంది. దాన్ని స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్‌ దగ్గర గానీ డిపాజిట్‌ చేసి రసీదు తీసుకోండి. ఉంచుకోవాలనుకుంటే వారసుడి హోదాలో మీ పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. మొత్తం మీద ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. తండ్రికి 70 ఏళ్లు నిండినా, తుపాకీ తీసుకుని 25 ఏళ్లయినా, ఆయన బతికుండగానే బిడ్డ పేరుకు మార్చమని అడగవచ్చు. అక్కర్లేదనుకుంటే అమ్మేయండి. ఏది చేసినా ఈ వారంలోనే చేయండి. ఈలోపు బీరువా తాళం పిల్లలకు అందనివ్వకండి.