వాయునౌకలకు ముహూర్తములు

2025 మే 3వ తేదీని మధ్యప్రదేశమునందలి శ్యోపూరు కడనుండి మన రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థవారు మనుష్యులు లేని వాయునౌక నొకదానిని పైకి పంపిరి. ఆగ్రాయందలి వారి శాఖ నిర్మించిన యా నౌక పరికరముల భారముతో దాదాపు 17 కిలోమీటర్ల యెత్తునకు పోయెను. మొత్తము ప్రయాణము 62 నిమిషములు. అంతకు కొలదినెలల ముందు, 2024 అక్టోబరులో, అమెరికాయందలి మాఫెట్ క్షేత్రమున పాత్‌ఫైండర్-1 అను 124 మీటర్ల నౌక కట్లు వీడి యెగిరెను. చచ్చినదని లోకమనుకొన్న విద్య మరల తల యెత్తుచున్నది. సంతోషమే. కాని దీని పూర్వచరిత్రను మనలో పెక్కురు ఒక్క చలనచిత్రమును బట్టియే యెరుగుదురు: హిండెన్‌బర్గు మంటలలో కూలు దృశ్యము. హైడ్రోజను మండెను గనుక వాయునౌకలు పోయెను. ఇప్పుడు మండని హీలియము కలదు గనుక భయము లేదు అనునది తరచు వినవచ్చు వాదము. ఈ వాదములో సగమే నిజము.

అమెరికా నౌకాదళమువారి ఏక్రాన్ హీలియముతో నిండినదే. అది 1933 ఏప్రిలు 4న తుపానులో అట్లాంటికు సముద్రమున పడగా అందున్న 76 గురిలో 73 గురు చనిపోయిరి. ఒక్క రబ్బరు తెప్ప తప్ప నీటిలో ప్రాణము నిలుపు సాధనము నౌకలో లేదు. 1937 మే 6న హిండెన్‌బర్గు కాలినప్పుడో, అందున్న 97 గురిలో 62 గురు బ్రదికిరి. వాయువు మండునా మండదా యనునది పెద్ద ప్రశ్నయే. దానికన్న పెద్ద ప్రశ్న యొకటి కలదు: నేడు బయలుదేరరాదని చెప్పుట కెవ్వరికి అధికారము?

ఈ నౌకలు పుట్టినది మొదలు వానిని నడపినది గాలికన్న గౌరవకాంక్షయే యని చెప్పవచ్చును. 1852లో ఫ్రెంచివాడగు గిఫర్డు మూడు అశ్వబలముల ఆవిరియంత్రముతో పారిసునుండి 27 కిలోమీటర్లు పోయినపుడది యొక్కని సాహసము మాత్రమే. జర్మనీలో జెప్పెలిన్ ప్రభువు మొదటి నౌక 1900 జూలై 2న కాన్‌స్టన్సు సరస్సుపై నెగురునాటికి కథ మారెను. 1908 ఆగస్టులో ఆయన నాల్గవ నౌక గాలివానకు చిక్కి కాలిపోగా జర్మను ప్రజలు దేశపరువు పోయినట్లెంచి అరువది లక్షల మార్కులకు పైగా చందాలిచ్చిరి. అదే యేట ఆంగ్లనవలాకారుడు వెల్సు జర్మను వాయునౌకలు న్యూయార్కును ధ్వంసము చేయునట్లు నవల వ్రాసెను. ఒక జాతి చందాలిచ్చినది దేనికో వేరొక జాతి భయపడినది దానికే. 1915 జనవరి 19న ఆ భయము నిజమై ఇంగ్లండు తూర్పుతీరమున బాంబులు పడెను. యుద్ధము ముగియులోపల వాయునౌకల దాడులలో 500 మందికి పైగా బ్రిటనులో హతులైరి. అయినను 1916లో నిప్పుతూటాలు వచ్చిన పిమ్మట చిన్నవిమానము ముందర ఆ పెనుభూతము నిలువలేకపోయెను. యుద్ధములో వాయునౌక నిజముగ పనికివచ్చినది జలాంతర్గాములను కనిపెట్టుచు సరకునౌకలను కాచుటయందు. రెండవ యుద్ధములో అమెరికావారి చిన్న నౌకలు చేసినదియు అదియే. ఆ పనికి చప్పట్లు తక్కువ.

ఇక మన దేశముతో ముడిపడిన కథ. 1924లో బ్రిటిషు ప్రభుత్వము సామ్రాజ్యపు దూరదేశములను వాయునౌకలచే కలుపు పథకమును చేపట్టెను. రెండు నౌకలు తలపెట్టిరి. ఆర్-100ను ప్రైవేటు సంఘము, ఆర్-101ను వైమానిక మంత్రిశాఖయే కట్టవలెను. రెండవది ఇండియాకు రావలసినది. కరాచీలో డ్రిగ్‌రోడ్డు కడ దానికొరకు 800 అడుగులకు మించిన పొడవుగల షెడ్డు కట్టిరి. ఉష్ణదేశమున పెట్రోలు ఆవిరి ప్రమాదకరమని తలచి ఆర్-101కు డీసెలు యంత్రములు పెట్టిరి. అవి బరువైనవి. పుష్పకమున నెందరెక్కినను ఇంకొకరికి చోటుండునని మన పెద్దలు చెప్పుదురు. కవి కట్టిన విమానమునకు తూకము లేదు. మంత్రిశాఖ కట్టిన విమానమునకు కలదు. 1929 అక్టోబరులో ఎగిరి చూచునప్పటికి ఇండియాప్రయాణమునకు చాలినంత భారమును ఎత్తలేదని తేలెను. అంతట ఎద్దుప్రేగుల పొరతో చేసిన గ్యాసుసంచులను పట్టియుంచు వలలను వదులుచేసి వానిని పెద్దవిచేసిరి. అవి లోపలి లోహపు దూలములకు ఒరసికొని చిల్లులు పడసాగెను. చాలక, నౌకను నడిమికి విడదీసి 45 అడుగుల క్రొత్తభాగము నతికి పొడవును 777 అడుగులు చేసిరి.

1930 జూలైలో అచ్చటి తనిఖీ ఉద్యోగి మెక్‌వేడ్ ఒక లేఖ వ్రాసెను. సంచులు వేలకొలది చోట్ల ఒరసికొనుచున్నవనియు, దూలములకు మెత్తలు చుట్టుట చాలిన చికిత్స కాదనియు, ఎగురుటకు అనుమతి పొడిగింపుమని తాను సిఫారసు చేయజాలననియు దాని సారము. పై యధికారి దానిని నౌకను కట్టుచున్న శాఖాధిపతికే చూపి అభిప్రాయమడిగెను. మెత్తలు చాలునని ఆయన సెలవిచ్చెను. దానితో ఫైలు మూతపడెను, మంత్రిదనుక పోలేదు. ఈ పత్రిక చదువువారిలో ఇంజనీరులు, ప్రభుత్వోద్యోగులు పెక్కురు గలరు. ఆక్షేపణ నెవ్వరిపై చేసితిమో వారికే ఆ కాగితము తిరిగిపోవు మార్గమును వారికి మేము వర్ణింపనక్కరలేదు.

వైమానికమంత్రి తామ్సను ప్రభువు 1875లో మన నాసికులో పుట్టినవాడు. ఆయన వైస్రాయి కానున్నాడని వదంతి కూడ నుండెను. అక్టోబరులో లండనున సామ్రాజ్యసభ జరుగుచుండగా ఇండియాకు వాయుమార్గమున పోయివచ్చి సభలో ప్రవేశింపవలెనని ఆయన సంకల్పము. పైగా ఆర్-100 ఆ వేసవిలోనే కెనడా పోయి క్షేమముగ తిరిగివచ్చెను. ప్రభుత్వనౌక వెనుకబడుట యెట్లు? క్రొత్తభాగ మతికిన తరువాత పరీక్షాప్రయాణ మొక్కటే జరిగెను. అందును ఒక యంత్రపు నూనెచల్లార్చు సాధనము చెడుటచే పూర్తివేగము పరీక్షింపబడలేదు. స్వతంత్రపరిశీలకుల పూర్తి నివేదిక ఇంకను వ్రాయబడలేదు. యోగ్యతాపత్రమో, ప్రయాణపు ముంగిట చేతికి వచ్చెను. అక్టోబరు 4 సాయంకాలము నౌక బయలుదేరెను. అర్ధరాత్రి దాటిన రెండు గంటలకు ఫ్రాన్సులో బోవే పట్టణము చేరువ నేల తాకి మండిపోయెను. 54 గురిలో 48 గురు పోయిరి. మంత్రియు, మెత్తలు చాలునన్న శాఖాధిపతియు వారిలోనే యుండిరి.

విచారణ జరిపినవాడు సర్ జాన్ సైమను. అవును, ఆ సైమనే. ఎవని సంఘమునకు వ్యతిరేకముగ 1928లో చెన్నపట్టణపు వీథిలో ప్రకాశము పంతులుగారు తుపాకికి రొమ్ము చూపిరో ఆతడే. మన దేశమును గూర్చి ఆతని తీర్పెట్లున్నను, ఈ విషయమున ఆతడు మొగమోటపడలేదు. ప్రభుత్వనీతి దృష్ట్యా ఆ ప్రయాణము మిక్కిలి వాంఛనీయమని తోచియుండనిచో ఆ రాత్రి, ఆ స్థితిలో నౌక బయలుదేరెడిది కాదని 1931 నివేదికలో ఆతడు స్పష్టపరచెను. నిర్దోషియగు ఆర్-100ను సైతము విరిచి తుక్కునకమ్మిరి. కరాచీ షెడ్డులోనికి ఒక్క వాయునౌకయు రాలేదు.

ఇది బ్రిటిషువారి దోషము మాత్రమే యనరాదు. 1925 సెప్టెంబరులో అమెరికా నౌక షెనాండోవా అధిపతి లాన్స్‌డౌన్, ఒహైయోలో పుట్టి అచ్చటి వేసవిచివరి గాలివానల నెరిగినవాడు కావున, ప్రయాణమును వాయిదా వేయుడని పైవారిని కోరియుండెను. సంతలలో జనులకు నౌకను చూపవలెనని ఆజ్ఞ. గాలి నౌకను ముక్కలుచేసి 14 గురిని చంపెను, వారిలో ఆతడొకడు. అదియు హీలియము నౌకయే. జర్మనీలో ఎకెనర్ అనునాతడు గ్రాఫ్ జెప్పెలినును 1929లో భూమిచుట్టు త్రిప్పి తెచ్చెను. ఆ నౌక తొమ్మిదేండ్లలో 590 ప్రయాణములు చేసినను ప్రయాణికుడొక్కడైనను గాయపడలేదు. అందును హైడ్రోజనే యుండెను! 1936 మార్చిలో నాజీప్రచారముకొరకు హిండెన్‌బర్గును ఈదురుగాలిలో బయటికి తీసి తోక విరుగగొట్టినప్పుడు ఆయన బహిరంగముగ మందలించెను. ఫలితముగ గోబెల్సు ఆయన పేరు పత్రికలలో కనబడరాదని శాసించెను.

మనవారి నేటి నౌకలో మనుష్యులు లేరు. కావున తొందర లేదు, చెప్పవలసినది చెప్పుటకు ఇదియే తరుణము. గస్తీకిని, సరకులకును, రోడ్లులేని కొండలకు మందులు చేర్చుటకును వాయునౌకలు కట్టుదుమని ప్రభుత్వము ముందుకు వచ్చినచో మేము ఆహ్వానింతుము. మనుష్యులనెక్కించు నాడు మాత్రము రెండు నియమములు ముందే శాసనమున నుండవలెను. తనిఖీ ఉద్యోగి కట్టువారి శాఖకు లోబడినవాడు కారాదు. ఆతని ఆక్షేపణ యథాతథముగ మంత్రికిని శాసనసభకును పోవలెను. ప్రారంభోత్సవపు తేదీని యోగ్యతాపత్రము చేతికి వచ్చిన పిమ్మటనే ప్రకటింపవలెను. మంత్రులకిది కష్టముగనుండవచ్చును. ఆహ్వానపత్రికలు ఆలస్యముగ అచ్చువేసికొందురుగాక.